బెదురు తీర్చినవాళ్ళదే కాపలా

రువాండాలో విరుంగా కొండలు, 1970. తడి ఆకుల మధ్య గొరిల్లాల పరిశోధకురాలు డయాన్ ఫాసీ వెల్లకిలా పడుకుని ఉన్నారు. కాస్త దూరంలో ఆమె పీనట్స్ అని పిలిచే కుర్ర మగ గొరిల్లా. బాబ్ క్యాంప్‌బెల్ కెమెరా పట్టుకుని ఉన్నారు. ఆమె మెల్లగా చెయ్యి చాపారు. ముందు అరచెయ్యి పైకి ఉండేలా పెట్టారు. మనిషి అరచెయ్యీ గొరిల్లా అరచెయ్యీ దాదాపు ఒకలాగే ఉంటాయి, చేతి వెనక భాగం చూస్తేనే తేడా తెలుస్తుంది. ఇదీ చెయ్యే అని పీనట్స్ పోల్చుకుందనిపించాక, చెయ్యి తిప్పి ఆకుల మీద ఆనించారు. పీనట్స్ చూసింది, ముందుకొచ్చింది, తన వేళ్ళతో ఆమె వేళ్ళను ఒక్క క్షణం తాకింది. వెంటనే రొమ్ము చరుచుకుని గుంపు వైపు వెళ్ళిపోయింది.

ఆ ఒక్క క్షణానికి ఎంతో పేరొచ్చింది. నేను మాత్రం దానికి ముందు గడిచిన రోజుల గురించీ, తర్వాత గడిచిన ఏళ్ళ గురించీ మాట్లాడతాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది కెమెరాతో అడవికి వెళ్ళేవాళ్ళు, లేదా వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు. అడవి జంతువుతో అనుబంధం అన్న మాట మనందరికీ ఇష్టమే. ఆ అనుబంధానికయ్యే ఖర్చు ఎవరి లెక్కలో పడుతుందో చూసుకోకుండా మాత్రం షూటింగ్ మొదలుపెట్టకూడదు.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి, ఒకటి మచ్చిక, రెండోది బెదురు తీరడం. మచ్చికైన జంతువు తిండి కోసమో, నిమిరించుకోవడం కోసమో మన దగ్గరికి వస్తుంది. బెదురు తీరినది మన దగ్గరికి రాదు, మనల్ని చూసి పారిపోనూ పోదు. పక్కన చెట్టున్నట్టే మనమూ ఉన్నామనుకుని తన మేత తాను మేస్తుంది. కెమెరాకి కావలసింది ఈ రెండోది. తొందరపడేవాళ్ళు చేసేది మొదటిది. నేను చెప్పబోయే పెద్ద తప్పులన్నీ ఈ తేడా దగ్గరే జరిగాయి.

ముందు బెదురు తీర్చే పని ఎలా నడుస్తుందో చూద్దాం. కొండ గొరిల్లా గుంపుకి బెదురు తీరాలంటే మామూలుగా రెండేళ్ళు పడుతుంది. ట్రాకర్లు, అంటే జాడ పట్టేవాళ్ళు, తెల్లవారగానే నిన్న సాయంత్రం గుంపును వదిలిన చోటికి వెళ్తారు. అక్కణ్ణుంచి నలిగిన ఆకులు, కొరికి పారేసిన సెలరీ కాడలు, రాత్రి పడుకున్న గూళ్ళు పట్టుకుని వెళ్తారు. పేడ గట్టిగా, ఉండలుగా ఉంటే గుంపు నింపాదిగా నడిచిందని అర్థం. పల్చగా, దారి పొడుగునా జారి ఉంటే నిన్న మనల్ని చూసో, ఇంకెవరినో చూసో బెదిరి పరుగెత్తిందని అర్థం. అలాంటి రోజు దగ్గరికి వెళ్ళకూడదు, దూరం నుంచి జాడ చూసుకుని వెనక్కి రావాలి. సిల్వర్‌బ్యాక్, అంటే వీపు నెరిసిన పెద్ద మగది, ఉద్రేకంలో ఉంటే చంకల నుంచి ఘాటైన చెమట వాసన వస్తుంది, అనుభవమున్న ట్రాకరు జంతువు కనపడకముందే వాసన పట్టి ఆగిపోతాడు.

గుంపు కనపడ్డాక దాక్కోకూడదు. పొద చాటు నుంచి తొంగి చూసేది చిరుత, లేదంటే వేటగాడు. నేరుగా కనపడాలి, వంగి నడవాలి, వాటికంటే ఎత్తైన చోట నిలబడకూడదు. కళ్ళలోకి తేరిపార చూడకూడదు. పక్కనున్న కాడ తుంచి నములుతున్నట్టు నటించాలి. గొరిల్లాలు తృప్తిగా తింటున్నప్పుడు గొంతులోంచి త్రేనుపులాంటి లోతైన మూలుగు వస్తుంది, దాన్నే అనుకరించాలి. ఫాసీ మొదట్లో అవి రొమ్ము చరుచుకోవడాన్ని అనుకరిస్తూ తొడలు చరిచేవారు. ఆ చప్పుడు వాటి భాషలో ఉద్రేకానికి, హెచ్చరికకు గుర్తని తర్వాత తెలిసి మానేశారు. మగది అరుస్తూ మీదికొస్తే పరుగెత్తకూడదు, ఉన్నచోటే కుంగి కూర్చోవాలి. ఎక్కువసార్లు అది బెదిరించి ఆగిపోతుంది, పరుగెత్తినవాణ్ణి మాత్రం వెంటపడి కరుస్తుంది. ఇంకొక నియమాన్ని కెమెరా బృందాలు తరచూ మీరుతుంటాయి. అవి కదిలి వెళ్ళిపోకముందే మనం వెళ్ళిపోవాలి. మనిషి వస్తాడు, కాసేపు ఉంటాడు, పోతాడు అన్నది వాటికి అలవాటు కావాలి. రోజూ వాటినే కదిలించి పంపిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

కెమెరా ఈ మధ్యలో ఎప్పుడు వస్తుంది? మొదటి నెలల్లో రాకూడదు. ముందు ఖాళీ ట్రైపాడ్, తర్వాత లెన్స్ బదులు నల్లటి గొట్టం, ఆ తర్వాతే నిజమైన కెమెరా. లెన్స్ ముందు అద్దం గుండ్రంగా మెరుస్తుంది, జంతువుకది రెప్ప వేయకుండా చూస్తున్న కన్ను. దాన్ని చటుక్కున వాటి వైపు తిప్పితే వారాల పని ఒక్క రోజులో పోతుంది.

ఇలా బెదురు తీరిన వాటిలో డిజిట్ ఒకటి. వేలు ఒకటి వంకర తిరిగి ఉండటంతో ఆ పేరు పెట్టారు. 1977 డిసెంబరు 31న వేటగాళ్ళు కుక్కలతో వస్తే, గుంపును తప్పించి తాను అడ్డం నిలబడింది. అయిదు బల్లెం పోట్లు పడ్డాయి. తల, చేతులు నరికి తీసుకుపోయారు. మనుషులంటే భయం పోవడం వల్లే అది చచ్చిపోయిందని అనడం సరికాదు, గుంపుకి కాపలా కాసే మగది ఎలాగూ నిలబడుతుంది. కానీ పేరుపెట్టి పిలిచే జంతువుకి పగలూ రాత్రీ కాపలా లేకపోతే ఏమవుతుందో ఆ రోజు తేలిపోయింది. మరుసటి ఏడు, 1978లో, డిజిట్ పేరుతో నిధి మొదలైంది. వేటగాళ్ళ ఉచ్చులు కోసే గస్తీకి దాని డబ్బు వెళ్ళింది.

తర్వాత ఏమైందన్నది మనకు లెక్కలతో సహా తెలుసు. 1981లో విరుంగా కొండల్లో మిగిలిన గొరిల్లాలు 250 పైచిలుకు. 2015-16 లెక్కలో 604. 1967 నుంచి 2008 వరకూ చూస్తే బెదురు తీరిన గుంపులు ఏటా 4.1 శాతం చొప్పున పెరిగాయి, బెదురు తీరనివి ఏటా 0.7 శాతం తగ్గాయి. ఎందుకంటే మొదటి రకం గుంపుల వెంట ప్రతి రోజూ ట్రాకర్లున్నారు. ఉచ్చులో చెయ్యి ఇరుక్కుంటే మత్తుసూది వేసి విడిపించే పశువైద్యులున్నారు. ఈ అంకెల్ని కొందరు తప్పుగా చదివి, మనుషులు దగ్గరైతే జంతువులకు మేలు అంటారు. మేలు చేసింది రోజువారీ కాపలా. ఆ కాపలా దశాబ్దాల పాటు నడిచింది. మూడు వారాల షూటింగ్‌కి వచ్చి బెదురు తీర్చి వెళ్ళిపోయేవాళ్ళు ఈ అంకెల్ని తమకు సాక్ష్యంగా తెచ్చుకోకూడదు.

కాపలా ఉన్నా ఒక ప్రమాదం పోదు, అది జబ్బు. మన జలుబు వాటికి న్యుమోనియా అవుతుంది. 2009లో రువాండాలో ఒక గుంపుకి మనుషుల్లో కనిపించే మెటాన్యుమోవైరస్ సోకింది, రెండు చనిపోయాయి, వాటిలో ఒకటి పసిది. అందుకే గుంపు దగ్గరికి ఒకసారికి 8 మంది, ఒక గంట, కనీసం 7 మీటర్ల దూరం అన్న నియమం ఉండేది. కోవిడ్ తర్వాత దూరం 10 మీటర్లకు పెంచారు, మాస్కు తప్పనిసరి చేశారు. ముక్కు కారుతున్న సౌండ్ రికార్డిస్టు ఎంత గొప్పవాడైనా ఆ రోజు క్యాంపులోనే ఉండాలి. నిర్మాత నష్టం లెక్క చెబుతాడు, వినకండి.

ఇక మచ్చిక దారి. చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ 1960 జులై 14న టాంగన్యికా సరస్సు ఒడ్డున గోంబేకి వచ్చారు. నెలల తరబడి చింపాంజీలు ఆమెను చూసి పారిపోయాయి. డేవిడ్ గ్రేబియర్డ్ అని ఆమె పేరు పెట్టిన మగది క్యాంపుకొచ్చి అరటిపళ్ళు ఎత్తుకెళ్ళడంతో దారి దొరికింది. 1962లో హ్యూగో వాన్ లావిక్ సినిమా కెమెరాతో వచ్చారు. అరటిపళ్ళు పెడితే చింపాంజీలు వస్తాయి, వస్తే షాట్ దొరుకుతుంది, సరస్సు ఒడ్డు నుంచి కొండ ఎక్కి వెతుక్కోనక్కర్లేదు. అప్పటి పరిస్థితిలో అది సహజంగానే తోచింది. ఏం జరిగిందో చూడండి. అడవిలో పండ్లు చెదురుమదురుగా ఉంటాయి, తినేవి కూడా విడివిడిగా తిరుగుతాయి. ఒక్కచోట కుప్పగా పెడితే అన్నీ అక్కడే కాచుక్కూర్చున్నాయి, కొట్లాటలు పెరిగాయి, బబూన్లు కూడా దిగాయి. పెట్టెల్లో పెట్టి దూరం నుంచి తెరిచే ఏర్పాటు చేసినా అదుపు కాలేదు. 1966లో పోలియో వచ్చినప్పుడు కొన్ని చింపాంజీల కాళ్ళూ చేతులూ పడిపోయాయి. అరటిపండులో వ్యాక్సిన్ పెట్టి తినిపించవలసి వచ్చింది. రెండు కాళ్ళూ పడిపోయి ఈడ్చుకుంటున్న ముసలి మగదాన్ని చివరికి కాల్చి బాధ తప్పించారు. తిండి పెట్టడం ముందు తగ్గించారు, తర్వాత పూర్తిగా మానేశారు. గుడాల్ ఆ పొరపాటును దాచలేదు. ఆమె మీద నాకున్న గౌరవానికి ఇదొక కారణం.

తిండి పెట్టడం ఎందుకు అంత చెడ్డదంటే, జంతువు తన రోజును తిండి చుట్టూ కట్టుకుంటుంది. మనం పెట్టిన తిండి దాని దారి మారుస్తుంది, కలిసే జంతువుల్ని మారుస్తుంది, చేతిలో సంచి ఉన్న ప్రతి మనిషి మీదా ఆశ పుట్టిస్తుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డు పక్కన కార్ల దగ్గరికి చెయ్యి చాపుతూ వచ్చే కోతుల్ని చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సింహాల దగ్గరికి వద్దాం. ఇక్కడ అనుబంధం నిజమైనది, మూల్యమూ పెద్దది. 1956 ఫిబ్రవరి 1న ఉత్తర కెన్యాలో వన్యప్రాణుల వార్డెన్ జార్జ్ ఆడమ్‌సన్, తన మీదికొచ్చిన ఆడసింహాన్ని కాల్చారు. తీరా చూస్తే మూడు పసికూనలు. రెండింటిని రోటర్‌డామ్ జూకి పంపారు, మూడోది ఎల్సా. జార్జ్, జాయ్ దంపతులు దాన్ని పెంచి, వేట నేర్పి, మేరు ప్రాంతంలో అడవిలోకి వదిలారు. అది 1959 డిసెంబరులో మూడు పిల్లల్ని కన్నది. 1961 జనవరి 24న పిడుదుల ద్వారా సోకే బబీసియా జబ్బుతో చనిపోయింది. వేట పూర్తిగా పట్టుబడని పిల్లలు చుట్టుపక్కల పల్లెల మేకల మీద పడ్డాయి. చివరికి వాటిని పట్టి, దూరాన సెరెంగెటికి తరలించవలసి వచ్చింది. మేకలు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు ఏ సినిమాలోనూ వినపడవు, ఆ అనుబంధానికి మొదట కట్టింది వాళ్ళే.

ఆ కథనే ‘బార్న్ ఫ్రీ’ సినిమాగా కెన్యాలోనే 1964-65లో తీశారు, 1966లో విడుదలైంది. జార్జ్ ఆడమ్‌సన్ సలహాదారు. నటులు వర్జీనియా మెక్‌కెన్నా, బిల్ ట్రావర్స్. సర్కస్‌లో ఆడించినవాటితో ఆ పని జరగలేదు. దెబ్బకు, సైగకు లొంగినది స్వేచ్ఛగా నడిచే సింహంలా కనపడదు, పైగా ఏ క్షణాన తిరగబడుతుందో అంతు చిక్కదు. అందుకని ఆటలు నేర్వని సింహాలతో నటులే పరిచయం పెంచుకున్నారు. సింహంతో నడిచేటప్పుడు పాటించేవి చెబుతాను. పరుగెత్తకూడదు, పరుగెత్తేదాన్ని వెంటాడటం సింహానికి పుట్టుకతో వచ్చింది. కింద కూర్చోకూడదు, పడిపోకూడదు, పొట్టిగా కనపడితే ఎరగా తోస్తుంది. ఆటగా పొంచి ఉరికొస్తే కాళ్ళు ఎడంగా పెట్టి, బరువు ముందుకు మోపి నిలబడాలి. పెద్దవుతున్న సింహం 100 కిలోలు దాటుతుంది, దానికి అది ఆటే, మనకు ఎముక విరుగుతుంది. మెక్‌కెన్నాకి చీలమండ విరిగింది కూడా అలాంటి ఆటలోనే, కోపంతో చేసిన దాడి వల్ల కాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, కడుపు నిండిన సింహం రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది, ఆకలిగా ఉన్నదాని పక్కన నటుణ్ణి నిలబెట్టలేం. కాబట్టి రోజులో పని జరిగేది తెల్లవారుజామున కాసేపు, పొద్దువాలాక కాసేపు.

ప్యాకప్ తర్వాత? ఆ సినిమాకు ఇరవైకి పైగా సింహాలను వాడారు. ఎక్కువ వాటిని జూలకు, సఫారీ పార్కులకు పంపేశారు. వదలమని ఆడమ్‌సన్, ట్రావర్స్, మెక్‌కెన్నా పోరితే దక్కినవి మూడే. బాయ్, గర్ల్, ఉగాస్. స్వేచ్ఛ గురించి తీసిన సినిమాలో నటించిన వాటిలో స్వేచ్ఛ దొరికింది మూడింటికి. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ మూడింటిని మేరులో అడవికి అలవాటు చేశారు ఆడమ్‌సన్. ఒంటరి సింహం తన హద్దును నిలబెట్టుకోలేదు, అక్కడి అడవి సింహాలు తరుముతాయి, చంపుతాయి. కాబట్టి ముందు గుంపు కట్టాలి. తర్వాత పొద్దున్నే వాటితో నడక, ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ వేట దొరుకుతుందో వాటికవే తెలుసుకునేదాకా. పెట్టే మాంసాన్ని క్రమంగా తగ్గించాలి, ఒక్కసారి ఆపితే పశువుల మీద పడతాయి. ఇవన్నీ నేర్పవచ్చు. మనిషంటే బెదురును మాత్రం తిరిగి నేర్పలేం. చిన్నప్పుడు పోయిన బెదురు పోయినట్టే. 1969లో బాయ్ మేరులో ఒక పిల్లవాణ్ణి కరిచింది. దాంతో ఆడమ్‌సన్ 1970లో తన సింహాలతో కెన్యాలోనే ఉన్న కోరాకు మారారు. అక్కడ మనుషులు కంచె లోపల ఉండేవారు, సింహాలు బయట. 1971లో అదే బాయ్ క్యాంపులో పనిచేసే స్టాన్లీని చంపింది. బాయ్‌ని కాల్చింది ఆడమ్‌సనే. అన్నేళ్ళు దాని వెంట నడిచిన మనిషి, తుపాకీ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఆయన కూడా 1989 ఆగస్టు 20న కోరాలోనే బందిపోట్ల తూటాలకు చనిపోయారు. ఎల్సా దొరికిన నాటి నుంచి 33 ఏళ్ళు. ఒక సింహపు కూన బెదురు తీర్చినందుకు ఒక మనిషి ఇచ్చిన సమయం అది. అంత ఇవ్వగలవాళ్ళు మనలో ఎంతమంది?

ట్రావర్స్, మెక్‌కెన్నా ఆ తర్వాత ఇంకో సినిమాలో పోలె పోలె అనే గున్న ఏనుగుతో నటించారు. దాన్ని అప్పటికే కెన్యా ప్రభుత్వం లండన్ జూకి కానుకగా ఇవ్వాలని పట్టించింది. షూటింగ్ అయ్యాక దాన్ని కొంటామని వాళ్ళు అడిగారు. బదులుగా ఇంకో గున్నను పట్టి పంపుతామని జవాబు వచ్చింది. ఇంకో పిల్లను తల్లికి దూరం చేయడానికి వాళ్ళ మనసొప్పలేదు, పోలె పోలె లండన్ వెళ్ళింది. ఏళ్ళ తర్వాత 1982లో చూడటానికి వెళ్ళి పేరుపెట్టి పిలిస్తే తొండం చాచి వాళ్ళ చేతుల్ని అందుకుంది. 1983లో చనిపోయింది. 1984లో వాళ్ళు జంతుప్రదర్శనశాలల మీద నిఘా పెట్టే సంస్థ మొదలుపెట్టారు. తర్వాత అదే బార్న్ ఫ్రీ ఫౌండేషన్ అయింది.

మన దగ్గర చట్టం చాలా దారులు మూసేసింది, మంచిదే. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటిని ప్రదర్శనల్లో ఆడించడాన్ని 1998లో కేంద్రం నిషేధించింది. తెలుగు సినిమాలో ఇప్పుడు కనపడే పులి చాలావరకు కంప్యూటర్‌లో పుట్టినదే. అభయారణ్యంలో షూటింగ్‌కి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 2022 సవరణ, జంతువు ఉండే చోటును మార్చకుండా, దానికి హాని లేకుండా అనే షరతు చేర్చింది. ఆ షరతును కాగితం మీద వదిలేయకుండా లొకేషన్‌లో ఎలా పాటించాలో రెండు చోట్ల చూపిస్తాను.

మొదటిది గూడు. కెమెరాకి అడ్డం వస్తోందని కొమ్మ నరికేవాళ్ళున్నారు. ఆ కొమ్మ గూటికి నీడ. మన ఏప్రిల్ ఎండలో రెక్కలు రాని పిల్ల మీద నీడ పోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. నీడ ఉన్నా, తెరుచుకున్న గూడు కాకి కంట పడుతుంది. గుడ్లున్న గూటి జోలికి అసలు పోకండి, మొదటి రోజుల్లో బెదిరిన తల్లి గూడు వదిలేస్తుంది.

రెండోది ఆలివ్ రిడ్లే తాబేలు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిపూట ఒడ్డెక్కుతుంది. నీళ్ళలోంచి బయటికొచ్చి ఇసుక ఎక్కేటప్పుడే అది అన్నింటికంటే బెదురుగా ఉంటుంది. అప్పుడు టార్చి పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. కాబట్టి చీకట్లో, తడి ఇసుకకు దూరంగా, కదలకుండా కూర్చోవాలి. వెనక రెక్కలతో కుండ ఆకారంలో గుంట తవ్వి, గుడ్లు పెట్టడం మొదలయ్యాకే వెనక వైపు నుంచి పాకుతూ దగ్గరికి వెళ్ళాలి. మసక ఎర్ర దీపం చాలు, ఫ్లాష్ వద్దు. దాని కళ్ళ ముందుకు ఎవరూ రాకూడదు. వంద చిల్లర గుడ్లు పెట్టాక ఇసుక కప్పి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ పొట్ట భాగంతో దిమ్మిస వేసినట్టు ఇసుకను గట్టి చేస్తుంది. ఆ దబదబ శబ్దం మైకులో బాగా పడుతుంది, దానికోసం దీపం అక్కర్లేదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వచ్చే వేళ ఒడ్డున ఒక్క దీపమున్నా అవి సముద్రం అనుకుని దాని వైపు పాకుతాయి.

అసలు దగ్గరికే వెళ్ళకుండా తెలుసుకునే దారీ ఉంది. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనపడిన కలివి కోడి రాత్రిపూట తిరిగే పక్షి, అతి కొద్దిగా మిగిలినది. దాన్ని వెతికినవాళ్ళు పొదల మధ్య మెత్తటి ఇసుక పట్టీలు పరిచి, తెల్లవారాక వేళ్ళ ముద్రలు చూసుకున్నారు. పక్కన ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పక్షికి మనిషి కనపడలేదు.

ఇందాక ఒక చీటీ వచ్చింది, జంతువు మన వల్ల మారుతోందని తెలిసేదెలా అని. దూరం కొలవండి. చేతిలో రేంజ్‌ఫైండర్ పెట్టుకుని, రోజూ రెండు అంకెలు రాసుకోండి. జంతువు మేత ఆపి తల ఎత్తిన దూరం, లేచి తప్పుకున్న దూరం. గాలి ఎటు ఉంది, ఎంతమంది ఉన్నాం, ఏ రంగు బట్టలు, అవీ రాయండి. తల ఎత్తే దూరం పెరుగుతుంటే మనం దాన్ని సతాయిస్తున్నాం, రెండు రోజులు ఆ వైపు వెళ్ళకండి. తగ్గుతుంటే బెదురు తీరుతోంది. అప్పుడు, మనం వెళ్ళిపోయాక ఇక్కడ ఎవరు కాపలా ఉంటారో రేంజర్‌ని అడగండి. గట్టి జవాబు రాకపోతే ఆ జంతువుతో పని అక్కడితో ఆపి, ఇంకా పొడవైన లెన్స్‌తో వేరేచోట ప్రయత్నించండి. ఆ అంకెలు రాసిన పుస్తకం నకలు ఒకటి అటవీశాఖ బీట్ ఆఫీసులో ఇచ్చి రండి. మీ తర్వాత వచ్చే బృందం ఎక్కడ ఆగాలో వాళ్ళు దాన్ని చూసి చెప్పగలుగుతారు.